సాయానికీ కులం ఉంటుందా?

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు వైద్య సమస్యే కాదు, కూలి సమస్య కూడా. డయాలసిస్ రోగి సాధారణంగా వారానికి రెండు, మూడు సార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కన గడపాలి. ప్రయాణం, నీరసం కలిస్తే ఆ రోజు పని పోయినట్టే. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. చికిత్స దగ్గరైంది. పోయిన రోజు కూలి ఎవరిస్తారన్నది మిగిలింది.

ఈ ప్రశ్న పలాస, టెక్కలి ప్రాంతపు కళాశాలలకూ వర్తిస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాలు అనారోగ్యం, అప్పు, మద్యపానం, కుటుంబ కలహాలతో సతమతమయ్యే ఉద్యోగులకు గోప్యంగా సలహా, సాయం అందించే కార్యక్రమాలు నడుపుతున్నాయి. మనకూ అవి కావాలి. కానీ మన దగ్గర 'ఉద్యోగి' ఎవరు? శాశ్వత ఆచార్యుడినైన నాకు వైద్య సెలవు ఉంది. గెస్టు లెక్చరర్‌కు పాఠం చెప్పిన గంటకే డబ్బు. మరుగుదొడ్లు కడిగే మనిషి ఔట్‌సోర్సింగ్ జాబితాలో ఉంటాడు. ఆ చివరి మెట్టు మీద దళితులే అధికమన్నది అందరికీ తెలిసిందే. అడిగితే కాంట్రాక్టు పేరు చెబుతారు, కులం పేరు ఎవరూ ఎత్తరు.

విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హుడైన కౌన్సెలర్ ఉండాలంది. అణగారిన వర్గాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలిగేలా బోధన, బోధనేతర సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంది. అవి విద్యార్థుల కోసం ఉద్దేశించినవి గనుక, వాటిలో సిబ్బంది సాయం చేసేవారే తప్ప అందుకునేవారు కారు. ఆ ఖాళీని విద్యాసంస్థలే పూరించాలి.

మొదట, డయాలసిస్ రోజున వేతనం కోయరాదన్న నిబంధనను ఔట్‌సోర్సింగ్ ఒప్పందంలోనే రాయాలి. గంటల లెక్కన బోధించేవారికీ దానిని వర్తింపజేయాలి. రెండు, కౌన్సెలర్ యాజమాన్యానికి లోబడి ఉండకూడదు. సూపర్‌వైజరు కులం పేరుతో దూషించాడని చెప్పుకున్న కార్మికురాలికి 'ఒత్తిడి తగ్గించుకో' అని బోధించడం సాయం కాదు, అన్యాయాన్ని ఆమె మనోవ్యాధిగా మార్చడం. అటువంటి ఫిర్యాదు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాకా వెళ్లే దారిని కౌన్సెలరే చూపాలి.

నిధులు లేవనడం తేలిక. ఊడ్చే మనిషి రాకపోతే గది మురికిగా ఉందని గుర్తించే సంస్థ, ఆ మనిషి ఎందుకు రాలేదో కూడా అడగాలి కదా! శ్రీకాకుళం జిల్లా విశ్వవిద్యాలయం అంబేడ్కర్ పేరును ధరించింది. ఆయన 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. ఆ పేరును గౌరవించడమంటే విగ్రహానికి దండ వేయడం కాదు, ఆ విగ్రహం చుట్టూ ఊడ్చే చేతులకు జీతంతో కూడిన సెలవు ఇవ్వడం.