బ్లాక్‌బర్న్‌ను పాడుచేసింది మనవాళ్ళేనా?



ఈ మధ్య మన ఖాన్‌దాన్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ అనే ఊరి వీధులు. బురఖాల్లో ఆడవాళ్ళు, టోపీలు పెట్టుకున్న పిల్లలు, ఒక మినారు. వెనక తెలుగులో ఒక గొంతు. దర్జాగా బతికిన తెల్లవాళ్ళ ఊరిని ముసల్మానులొచ్చి బర్బాద్ చేశారట, రేపు మన ఊళ్ళకూ ఇదే గతట. కొందరు నఫ్రత్‌తో పంపారు. మనవాళ్ళలో కొందరేమో కింద "మాషా అల్లాహ్, ఊరంతా మనదే" అని రాసి ముందుకు తోశారు. నా జగడం ఇద్దరితోనూ. ఆ ఊరి తారీఖ్ ఇద్దరికీ తెలియదు, తెలుసుకోవాలన్న షౌఖ్ కూడా లేదు.

ఈ విషయంలో మాట్లాడే హఖ్ నాకుంది. మాది దూదేకుల ఇల్లు. మా పెద్దలు విల్లుతో దూది ఏకి ఇస్తే ఊళ్ళో ఆడవాళ్ళు నూలు వడికేవారు. లాంకషైర్ మిల్లు నూలు బజారులో దిగాక రాట్నాలు అటకెక్కాయి. మా విల్లుకు పరుపులు, దిండ్లు మిగిలాయి. ఆ లాంకషైర్‌లోని ఊరే ఈ బ్లాక్‌బర్న్.

అసలు ఆ ఊరు ఎలా పెరిగింది? ఈస్టిండియా కంపెనీ 1611లో మన మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. మన అద్దకం బట్టలకు ఇంగ్లండు జనం దీవానాలైపోయారు. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెడితే 1700లో మన అద్దకాల దిగుమతిని ఆపుతూ ఒక ఖానూన్, 1721లో వాటిని ఒంటిమీద వేసుకోవడమే జుర్మ్ అంటూ ఇంకో ఖానూన్ తెచ్చారు. అలా ఖాళీ అయిన బజారులోకి వచ్చిన సరుకుల్లో బ్లాక్‌బర్న్ 'గ్రే' బట్ట ఒకటి. నార పడుగు, నూలు పేక, పైన ఇంగ్లండులోనే వేసిన అద్దకం. ఖుద్దు తమ ఊరి కోసం తలుపులు మూసుకుని, తర్వాత లోకానికంతా "తలుపులు తెరవండి" అని సబఖ్ చెప్పిన హుకూమత్ అది.

1760ల్లో ఆ ఊరి దగ్గరే జేమ్స్ హార్‌గ్రీవ్స్ 'స్పిన్నింగ్ జెన్నీ' తయారుచేశాడు. ఒకే మనిషి ఒకేసారి అనేక కదుళ్ళు తిప్పే యంత్రం. రోజీ పోతుందని భయపడ్డ జనం 1768లో వాటిని విరగ్గొడితే అతను నాటింగ్‌హాం వెళ్ళిపోయాడు. 1826లో ఆకలికి ఓర్వలేక అక్కడి చేనేతవాళ్ళు మరమగ్గాల మీద పడ్డారు. అంటే మిల్లు మొదట మింగింది తెల్ల గరీబునే. 1801లో 12 వేల లోపు ఆబాదీ ఉన్న ఊరు 1911 నాటికి లక్షా 30 వేలు దాటింది. పొగగొట్టాలు, వరసగా ఇటుక ఇళ్ళు, మగ్గాల రొదలో పెదవుల కదలికను బట్టి మాటలు పోల్చుకునే ఆడకూలీలు. ఆ ఊరి మిజాజ్ అది.

ఇంతకీ ఆ మగ్గాలు ఏం నేసేవి? ధోవతులు! బ్లాక్‌బర్న్ మగ్గాలకు పెద్ద గిరాకీ హిందుస్తానే. 1913లో బ్రిటన్ సుమారు 700 కోట్ల గజాల నూలుబట్ట బయటికి పంపితే, అందులో నలభై శాతానికి పైగా మన దేశానికే. ఆ గిరాకీ దానంతటది రాలేదు. 1896లో విదేశీ బట్ట మీద మూడున్నర శాతం సుంకం వేసినప్పుడు, లాంకషైర్ దొరలు నొచ్చుకోకూడదని, మన మిల్లుల్లో నేసిన బట్ట మీద కూడా అంతే పన్ను వేశారు. మన గడ్డ మీద మన బట్టకే జుర్మానా! ఇంకో సంగతి వినండి. 1909 సంస్కరణల్లో ముసల్మానులకు విడి నియోజకవర్గాలు ఇచ్చిన మోర్లీ సాహెబ్ పుట్టింది కూడా బ్లాక్‌బర్న్‌లోనే. ఆ విడదీత ఫలితం మన కౌమ్ ఇంకా మోస్తూనే ఉంది.

అమెరికా అంతర్యుద్ధంలో, 1861 నుంచి 65 దాకా, అక్కడి పత్తి ఆగిపోయింది. మిల్లులు మూతపడి లాంకషైర్ కడుపు మాడింది. అప్పుడు మన దేశపు పత్తి తెప్పించుకున్నారు. దాన్ని 'సూరత్' అనేవారు. పొట్టి పింజ, చెత్త ఎక్కువ, దారం తెగిపోయేది. దాంతో 'సూరత్' అన్న మాటే అక్కడ ఒక తిట్టయింది. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఇక పతనం. మొదటి ప్రపంచయుద్ధంలో లాంకషైర్ సరుకు రాక ఆగితే జపాన్ బట్ట, మన దేశపు మిల్లుల బట్ట బజారు పట్టాయి. పైన స్వదేశీ ఉద్యమం. 1920లు, 30ల్లో బ్లాక్‌బర్న్ మిల్లులు వరసపెట్టి మూతపడ్డాయి. 1931 సెప్టెంబరులో గాంధీ పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్ళారు. మిల్లు ఆడవాళ్ళు చుట్టూ నిలబడి నవ్వుతున్న తస్వీర్ మీరు చూసే ఉంటారు. మీ బేకారీ నాకూ బాధే, కానీ మా దేశంలో బేకారీ కోట్లలో ఉంది అని వాళ్ళ ముఖం మీదే చెప్పారాయన. 1959లో హుకూమతే పైసలిచ్చి పాత మగ్గాలను తుక్కు చేయించింది.

వీడియో మియాకు నాదొకటే సవాల్. మిల్లులు ఏ దశాబ్దంలో మూతపడ్డాయి, మన మజ్దూర్ ఏ దశాబ్దంలో అక్కడ దిగాడు? మనవాళ్ళు గుంపులుగా వెళ్ళింది 1950లు, 60ల్లో. మిగిలిన మిల్లులు కొత్త యంత్రాలు కొని, వాటి ఖర్చు రాబట్టుకోవడానికి రాత్రీ పగలూ తిప్పాయి. రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ళను పెట్టడానికి ఖానూన్ ఒప్పుకోదు, తెల్ల మగవాళ్ళు ఆ జీతానికి రారు. అప్పుడు పాకిస్తాన్ పంజాబు నుంచి, గుజరాత్‌లోని భరూచ్, సూరత్ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఆ షిఫ్టు ఎత్తుకున్నారు. అవును, ఆ సూరతే! ఏ పేరును తిట్టుగా వాడారో ఆ పేరుగల జిల్లా బిడ్డలు ఆ ఊరి ఆఖరి మగ్గాలను నడిపారు. చావబోయే మరీజ్‌కు రాత్రంతా కాపలా కాసినవాడి మీద ఖూనీ తోహ్మత్ వేయడం ఎక్కడి ఇన్సాఫ్?

బదులుగా వాళ్ళకు దక్కిందేమిటి? 1976లో వలసవాళ్ళను వెళ్ళగొట్టాలనే నేషనల్ పార్టీకి బ్లాక్‌బర్న్ రెండు కౌన్సిల్ సీట్లిచ్చింది. 2006లో అదే ఊరి ఎంపీ జాక్ స్ట్రా, తన దగ్గరికి పనిమీద వచ్చే ఆడవాళ్ళను నఖాబ్ తీయమని అడుగుతానని పత్రికలో రాశాడు. మిల్లులు పోయాక ఆ ఆడవాళ్ళ ఇళ్ళలోకి రోజీ ఎలా వస్తోందన్నది అంత పెద్ద బహస్ కాలేదు.

ఇప్పుడు "ఊరంతా మనదే" అన్న భాయీలతో నాలుగు మాటలు. 2021 లెక్కల్లో బ్లాక్‌బర్న్, డార్వెన్ కలిపి ముసల్మానులు నూటికి 35 మంది. 2024లో ఇండిపెండెంట్‌గా అద్నాన్ హుసేన్ గెలిచింది 132 ఓట్ల తేడాతో. ఊరంతా ఎక్కడ మనదైంది? వేలీ రేంజ్, బాస్ట్‌వెల్ మొహల్లాల్లో మనవాళ్ళు, అవతలి మొహల్లాల్లో తెల్లవాళ్ళు. మనవాళ్ళు ఇల్లు కొంటే తెల్లవాళ్ళు అమ్ముకుని పోయారు, నిజమే. కానీ బిరాదరీ చూసి ఓటేసిందీ, పక్కింటి తెల్ల ముసలమ్మ పేరు తెలుసుకోకుండా ఇరవై ఏళ్ళు గడిపిందీ మనవాళ్ళు కూడా. ఇందులో ఫఖ్ర్ చేసుకోవడానికి ఏముంది? ఇక్కడ మనకు ఇల్లు అద్దెకివ్వనప్పుడు మన దిల్ ఎంత నొచ్చుకుంటుందో తెలిసినవాళ్ళం, అక్కడ గోడను ఇంకో ఇటుక పెంచితే శభాష్ అంటామా?

హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి మన పిల్లలు చదువులకని ఇంగ్లండు వెళుతున్నారు. గోదాముల్లో, ముసలివాళ్ళ సేవలో రాత్రి షిఫ్టులు వాళ్ళే చేస్తున్నారు. యంత్రం మారింది, షిఫ్టు మారలేదు. అమ్మీలారా, అబ్బాలారా, పిల్లల్ని పంపేముందు ఈ ఖిస్సా చెప్పి పంపండి. పక్కన పనిచేసే తెల్లమ్మాయి నానీ కూడా ఏదో మిల్లులో ఊపిరితిత్తుల నిండా దూది ధూళి పీల్చిందేమో అడగమనండి. మన దాదాలు పీల్చిందీ అదే ధూళి. వాళ్ళ రోజీనీ మన రోజీనీ లాక్కున్న సేఠ్ మాత్రం ఒక్కడే. ఆ సేఠ్ పేరెత్తకుండా మనల్నీ వాళ్ళనీ తన్నుకోమనేవాడు ఏ జుబాన్‌లో మాట్లాడినా, టోపీ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, వాడు మన ఖైర్ కోరేవాడు కాడు.