మనవడిని చూడాలంటే అల్లుడిని దోషిని చేయాలా?

కూతురు చనిపోతుంది. కొన్నాళ్లకు అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకుని పిల్లవాడిని పంపడం మానేస్తాడు. అప్పటిదాకా వాడిని పెంచిన అమ్మమ్మ తాతయ్యలు లాయరు దగ్గరికి వెళితే, ఆయన తీసేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే. హిందూ వివాహ చట్టంలోని 26వ సెక్షన్ భార్యాభర్తల మధ్య నడిచే కేసులకే పనికొస్తుంది.

పాత చట్టం గడప దాటడం కష్టమేమీ కాదు. బంధువులే కాదు, స్నేహితులూ పిటిషన్ వేయవచ్చు. చిక్కంతా 19వ సెక్షన్‌తోనే. తల్లి గానీ తండ్రి గానీ బతికి ఉండి, అనర్హులని కోర్టు తేల్చనంతవరకు వేరొకరిని సంరక్షకులుగా నియమించకూడదని అది చెబుతుంది. పైగా బిడ్డ సంరక్షణ అడగడానికి దారి ఉంది కానీ, నెలకు రెండు ఆదివారాలు చూసి వస్తామని అడగడానికి విడిగా ఒక్క సెక్షన్ లేదు. దాంతో చూస్తే చాలనుకునే పెద్దవాళ్లు కూడా మొత్తం బిడ్డనే కోరుతూ, అల్లుడు చెడ్డవాడని రుజువు చేయడానికి పూనుకుంటారు. ఆ వాదనల మధ్య నలిగేది పిల్లవాడే.

బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. తల్లి మృతి కేసులో తండ్రి నిందితుడైనప్పుడు, కింది కోర్టుల తీర్పులను కాదని 2008లో బాలుడిని అమ్మమ్మ తాతయ్యలకే అప్పగించింది. న్యాయమూర్తులు స్వయంగా ఆ బాలుడితో మాట్లాడారు. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లవాడిని 2022లో నానమ్మ తాతయ్యలకు అప్పగించింది. వయసు మళ్లిందన్న సాకుతో వారిని పక్కన పెట్టడం తగదని చెప్పింది. అలాగని ప్రతిసారీ బంధువులదే గెలుపు కాదు. 2019లో తల్లి లేని పసిబిడ్డను పెంచుతున్న పిన్ని వాళ్ల నుంచి తండ్రికి ఇప్పించింది, వాళ్లు వచ్చి చూసే వీలు మాత్రం ఉంచింది. నాకు ఇదే సరైన నమూనాగా కనిపిస్తుంది. కానీ ఇది న్యాయమూర్తి విచక్షణ మీద దొరికిన ఊరట, హక్కు కాదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లే స్తోమత ఎందరికుంది?

హద్దు లేని హక్కూ ప్రమాదమే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం ఎవరైనా, ఎప్పుడైనా బిడ్డను చూసేందుకు కోర్టుకు రావచ్చని చట్టం చేసింది. తన బిడ్డ విషయంలో యోగ్యురాలైన తల్లి నిర్ణయానికి తగిన విలువ ఇవ్వలేదని 2000లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టం అమలును తప్పుపట్టింది. కాబట్టి బిడ్డతో నిజంగా పెనవేసుకున్న బంధం ఉన్నవారికే, తల్లిదండ్రుల అధికారానికి భంగం కలగకుండా, కలిసే హక్కు ఇవ్వాలి. పిల్లలు తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలతో గడిపే సమయం గురించి లా కమిషన్ 2015లోనే తన 257వ నివేదికలో ప్రస్తావించింది. అది చట్టంలోకి ఎక్కలేదు.

ఢిల్లీ కదిలేదాకా ఆగనక్కర్లేదు. మైనర్ల వ్యవహారం ఉమ్మడి జాబితాలోదే, రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రాలూ సవరించుకోవచ్చు. ఆడపిల్లలకు ఆస్తి హక్కు కోసం ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని అలాగే సవరించింది, కేంద్రం ఆ పని 2005లో చేసింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు బిడ్డను కలిసే హక్కు కోసం ఇలాంటి సవరణకే పూనుకోవాలి.