సర్టిఫికెట్‌లో ఒక మతం, సంఘంలో ఒక మతం: ఇది అబద్ధమా?



ప్రియులారా, రెండు నెలల క్రితం ఒక బుధవారం గృహకూడిక అయ్యాక, అందరూ చాపలు చుట్టి లేస్తుండగా మా సంఘంలోని ఒక ఆడబిడ్డ మా దగ్గరకు వచ్చి నిలబడింది. బీఈడీ పూర్తిచేసింది, డీఎస్సీకి చదువుకుంటోంది. రెండేళ్లుగా బాప్తిస్మము అడుగుతోంది. "అయ్యగారూ, బాప్తిస్మం తీసుకున్నాక కూడా నా సర్టిఫికెట్‌లో హిందూ అనే ఉంటే, నేను దేవుని దగ్గర అబద్ధమాడినట్టేనా?" అని అడిగింది. పక్కన ఉన్న తల్లి ఆమెను పూర్తిగా అడగనివ్వలేదు. "ఉద్యోగం వచ్చిందాకా ఆగమని చెప్పండి అయ్యగారూ. నా మాట వినదు, మీ మాటైతే వింటది" అంది. మిరప కోతలకు పోయి ఆ పిల్లను చదివించిన తల్లి ఆమె.

మేము ప్రార్థన చేసి పంపించేశాము. ప్రార్థన కూడా ఒక్కోసారి తప్పించుకునే దారి అవుతుంది. ఆ రాత్రి మేము తప్పించుకున్నాము.

అయితే ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవారు మన మధ్య ఉన్నారు. మహాసభలకు వస్తారు, పెద్ద స్టేజీ, పెద్ద సౌండు. "సర్టిఫికెట్‌లో హిందూ అని రాయించుకున్న ప్రతివాడూ చలిమంట దగ్గర ప్రభువును ఎరుగనన్న పేతురే" అంటారు. జనం తలలు దించుకుంటారు. ఆ తలలు ఎవరివో చూశారా? మాలపల్లెవి, మాదిగపల్లెవి. అగ్రకులాల నుంచి ప్రభువును నమ్ముకున్నవారు ఆ మాటకు తల దించుకోనక్కరలేదు. వారు కాగితం మీద క్రైస్తవులని రాయించుకుంటే పోయేదేమీ లేదు. మొదటి నుంచీ ఓసీ, ఆ తర్వాతా ఓసీ. గిరిజన సహోదరులకు కూడా చట్టం మతాన్ని అడ్డు పెట్టలేదు. క్రీస్తును ఒప్పుకున్నా ఎస్టీ ఎస్టీగానే ఉంటాడు. వెల కట్టవలసినవాడు ఎస్సీ ఒక్కడే. తనకు పైసా ఖర్చులేని త్యాగాన్ని కూలివాడి మీద మోపి, వాడు మోయలేకపోతే పేతురు అని పిలవడం ఏ వాక్యంలో ఉందో మాకు తెలియదు. మోయలేని బరువులు మనుషుల భుజాల మీద పెట్టి, వేలితోనైనా తాకనివారిని గూర్చి ప్రభువు ఏమన్నాడో మత్తయి 23లో చదువుకోవచ్చు.

చట్టం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని దాని సారాంశం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారిని, వారి సంతానాన్ని బీసీ-సిలో పెట్టారు. ఎస్సీకి 15 శాతం, బీసీ-సికి 1 శాతం. దానితోపాటు 1989 అట్రాసిటీ చట్టం ఇచ్చే అండ కూడా పోతుంది. 1985లో కారంచేడులో మాదిగపల్లె మీద పడినవాళ్లు ఎవరు ఏ ప్రార్థనకు పోతారో అడిగి కొట్టలేదు. కొట్టేవాడు కులాన్ని చూస్తాడు, కాపాడవలసినవాడు మతాన్ని చూస్తాడు. ఇందులో అన్యాయం ఉందని చెప్పడానికి మేము సిగ్గుపడము. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా దళిత క్రైస్తవులను ఎస్సీలలో చేర్చమని తీర్మానం చేసింది.

ఇంతవరకు చదివి, "అయితే అయ్యగారు సర్టిఫికెట్ ఉంచుకోమంటున్నారు" అని సంతోషించేవారు ఉంటారు. ఆగండి. వారితోనూ మాకు తగవు ఉంది.

"కాగితం కాగితమే, హృదయం హృదయమే" అంటారు వీరు. వెంటనే నయమానును తెస్తారు. రాజు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో మొక్కినప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, దానిని యెహోవా క్షమించాలి అని నయమాను అడిగాడు. ఎలీషా సమాధానముగా వెళ్లమన్నాడు. రెండవ రాజులు 5లో ఉంది, నిజమే. కానీ జాగ్రత్తగా చదవండి. నయమాను దాచలేదు. ప్రవక్త ముందు తానే నోరు విప్పి, క్షమాపణ అడిగాడు. క్షమాపణ అడిగాడంటే అది తప్పని అతనికి తెలుసు. మనం అడుగుతున్నది క్షమాపణ కాదు, అనుమతి. ఎస్తేరును కూడా తెస్తారు. ఎస్తేరు తన వంశాన్ని చెప్పకుండా దాచింది, అదీ నిజమే. కానీ తన జనానికి చావు వచ్చిన రోజున రాజు ముందు ఏమని నిలబడింది? దాచిన మాటను చెప్పి నిలబడింది. కథలో సగం మనకు ఇష్టం, మిగతా సగం చదవము.

న్యాయస్థానాలు కూడా ఇప్పుడు ఈ మాటే అడుగుతున్నాయి. పుదుచ్చేరికి చెందిన ఒక ఉద్యోగార్థి కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమే అని తేల్చింది. ఆ తీర్పు మనకు చేదుగా ఉండవచ్చు. కానీ లోకపు న్యాయాధిపతి మనల్ని "మీరు ఎవరు?" అని అడిగే స్థితి వచ్చిందంటే, ఆ ప్రశ్నను సంఘం తానే ముందు అడగనందుకు మాకు సిగ్గుగా ఉంది.

ఉద్యోగం వచ్చేవరకు బాప్తిస్మం వాయిదా వేయడం కూడా దీనికి మందు కాదు. ప్రతి ఆదివారం యేసే ప్రభువని పాడే పిల్ల, నీళ్లలో మునగనంత మాత్రాన హిందువు అవుతుందా? అలా వాయిదా వేస్తే ప్రభువు ఆజ్ఞను తహసీల్దారు స్టాంపుతో సమానం చేసినట్టే.

ఇక్కడ మా ప్రాంతపు చరిత్ర ఒకటి చెప్పాలి. 1876 నుంచి వచ్చిన గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ పని సాగినంతకాలం బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపారు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు. లాభం ఏమీ లేని రోజున వాళ్లు నీళ్లలోకి దిగారు. లాభం పోతుందని తెలిసిన రోజున వాళ్ల మునిమనవలం గట్టున నిలబడి ఆలోచిస్తున్నాము. వాళ్లను మెచ్చుకోవడానికి కాదు మేము ఇది రాస్తున్నది. వాళ్లు దిగారంటే పల్లె పల్లెంతా కలిసి దిగింది. ఈ పిల్లను మాత్రం ఒంటరిగా దిగమంటున్నాము.

అసలు సంగతి ఇదే. సత్యానికి వెల ఉంటే ఆ వెల సంఘమంతా కట్టాలి. మనం పంచుకోము. "క్రైస్తవంలో కులం లేదు" అని ప్రభుత్వానికి సాక్ష్యం చెప్పేది మనమే. మాల చర్చి ఒకటి, మాదిగ చర్చి ఒకటి కట్టుకునేదీ మనమే. పెళ్లి సంబంధం దగ్గర మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. అంతియొకయలో అన్యజనులతో బల్ల దగ్గర కూర్చోవడం మానేసిన పేతురును పౌలు అందరి ముందు గద్దించాడు. చలిమంట దగ్గరి పేతురును గూర్చి ప్రసంగించినన్నిసార్లు, ఈ బల్ల దగ్గరి పేతురును గూర్చి మేమెందుకు ప్రసంగించలేదో మాకే తెలియదు.

ఇదంతా మా సంఘ పెద్దల కూటంలో చెప్పాము. నిజం రాయించుకున్న పిల్లలకు ఫీజులో తేడా వస్తే, ఆ తేడా పంట కానుకలో నుంచి సంఘం ఇవ్వాలని, కొత్త సౌండు సెట్టు కొనడం ఈ ఏడాదికి ఆపాలని అడిగాము. కొందరు ఊ అన్నారు. అప్పుడు పెద్దాయన ఒకాయన, పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసి అలసిన మనిషి, నెమ్మదిగా అడిగాడు: "అయ్యగారూ, మీ పిల్లల సర్టిఫికెట్లలో ఏముంది?"

మా పిల్లల సర్టిఫికెట్లలో హిందూ అనే ఉంది. మాదాంట్లోనూ అంతే. మేము సాంఘిక సంక్షేమ హాస్టల్లో తిని చదువుకున్నవాళ్లమే. ఆ అన్నం లేకపోతే సెమినరీ వరకు వచ్చేవాళ్లము కాదు. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. మా బాప్తిస్మపు రిజిస్టరులో గత ఏడెనిమిదేళ్లలో చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. బాప్తిస్మాలు జరగక కాదు, రాయవద్దని తల్లిదండ్రులు అడిగితే మేము రాయలేదు. పరలోకంలో జీవగ్రంథం ఉందని ప్రసంగిస్తూ, ఇక్కడి పుస్తకంలో పేరు రాయడానికి భయపడిన కాపరులము మేము.

పోయిన శుక్రవారం సచివాలయానికి వెళ్లి మా ఇద్దరు పిల్లల పేర్ల మీద బీసీ-సి సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఇచ్చాము. మా దానికి కూడా ఇచ్చాము. అక్కడి అబ్బాయి రెండుసార్లు అడిగాడు, "తెలిసే ఇస్తున్నారా సార్?" అని. పెద్దవాడు ఇంటర్ రెండో సంవత్సరం. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం తింటూ, "ఫీజు ఎంత తేడా వస్తది నాన్నా?" అని అడిగాడు. కాగితం తెచ్చి లెక్క వేసి చూపించాము. అమ్మగారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఆడబిడ్డతో మేము ఇది చెయ్యి, అది చెయ్యి అని చెప్పలేదు. నీ ప్రశ్నకు జవాబు అవును, అది అబద్ధమే అన్నాము. ఆ అబద్ధంలో నీకంటే ముందు మేము ఉన్నామని కూడా చెప్పాము. బాప్తిస్మం ఎప్పుడు అడిగినా ఇస్తాము, రిజిస్టరులో రాస్తాము. దరఖాస్తు ఎప్పుడు పెట్టుకున్నా కూడా వస్తాము. తల్లి ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం ఇద్దరూ ఆరాధనకు వచ్చారు, వెనక వరుసలో కూర్చున్నారు.

పెద్దల కూటం తీర్మానం ఇంకా కాలేదు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మళ్లీ కూర్చుంటున్నాము. సంఘస్థులు అందరూ ఉండవలెనని మనవి.