ఎర్రనక్షత్రము వెల

మొన్నటి ఆదివారము గడ్డిఅన్నారములోని మా యింటికి ఒక పూర్వవిద్యార్థి వచ్చెను. వాని తాతగారు పల్లెలో ఉపాధ్యాయులుగా పనిచేసి ఇటీవలనే గతించిరి. ఆయన పెట్టెలో దొరకిన చిన్న ఎర్రనక్షత్రమును నా బల్లపై నుంచి, "సార్, ఇది ఆర్డర్ ఆఫ్ లెనిన్ అటండి. లక్షల్లో పలుకుతుందని ఫోనులో చూశాను. దీనితో చెల్లి కాలేజీ ఫీజు గట్టెక్కుతుందా?" అని అడిగెను.

వెనుకకు త్రిప్పి చూచితిని. పిన్నీసు కలదు, అంకె లేదు. అది ఆర్డరు కాదు. సోవియట్ బడులలో ఏడు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలు చొక్కాలకు పెట్టుకొనిన అక్టోబరు బాలల గుర్తు. నడుమనున్న ముఖము పసితనములోని లెనినుది. ఆర్డర్ ఆఫ్ లెనిన్ నక్షత్రాకారమే కాదు. గోధుమవెన్నుల దండ నడుమ పెద్దవాడైన లెనిన్ ముఖము గల బిళ్ల. స్నేహసంఘముల సభలు, 'సోవియట్ భూమి' పత్రిక, చౌకగా దొరకిన రష్యను పుస్తకములు తెలుగునాట ప్రబలియున్న దినములలో ఇట్టి గుర్తులెన్నో మన ఇండ్లకు చేరినవి. ఆ మాట చెప్పగా పిల్లవాని ముఖము చిన్నబోయినది.

ఆర్డరునకు వెల కట్టునది లోహమేనని చాలమంది తలంతురు. 1930లో ఆర్డర్ ఆఫ్ లెనిన్‌ను మొదట వెండితో చేసిరి. కొలది యేండ్లకే బంగారమునకు మారిరి. నేడు సేకర్తలు తరువాతి బంగారుదానికంటె ఆ తొలి వెండిదానికే ఎక్కువ యిత్తురు; ఏలయన అవి తయారైనవే బహుస్వల్పము. నావికాధిపతులకై 1944లో నెలకొల్పిన ఉషకోవ్ ఆర్డరు ప్రథమశ్రేణి మొత్తము 47 మారులు మాత్రమే ఈయబడినది. ప్లాటినముపై వజ్రములు పొదిగిన విజయ ఆర్డరు 20 మారులు. అందులో 1978లో బ్రెజ్నేవునకు ఇచ్చినదానిని 1989లో రద్దుచేసిరి. (యుద్ధము ముగిసిన 33 ఏండ్లకు విజయచిహ్నము ధరించు ముచ్చట ఆయనకే చెల్లినది!) మరి జర్మనీపై విజయమునకు గుర్తుగా ఇచ్చిన పతకమో, దాదాపు కోటిన్నర మందికి చేరినది. దానిపై అంకెయైనను లేదు.

రెడ్ స్టార్ ఆర్డరు సంగతి వేరు. అదియు 38 లక్షలకు పైగా ఈయబడినదే. కాని ప్రతిదాని వెనుకను ఒక అంకె యుండును. గ్రహీత యొద్దనుండు చిన్న పుస్తకములో అదే అంకె, అతని పేరుతో గూడ, వ్రాయబడి యుండును. 2010లో రష్యా రక్షణశాఖ యుద్ధకాలపు పురస్కార పత్రములను అంతర్జాలమున నుంచినది. ఏ సైనికుడు ఏమి చేసినందుకు దానిని పొందెనో ఇప్పుడు చదువుకొనవచ్చును. కనుకనే పుస్తకముతో వచ్చిన నక్షత్రమునకు ఒక వెల, ఒంటరిదానికి వేరొక వెల.

1944లో ఈ రెడ్ స్టార్ మన సైనికులిరువురకు లభించినది: సుబేదారు నారాయణరావు నిక్కం, హవల్దారు గజేంద్రసింగ్. వారు సరఫరా దళమువారు. ఇరాను మీదుగా రష్యాకు యుద్ధసామగ్రి చేరవేసిన పనిలో ఉండిరి. వెండి అదే, ఎర్ర ఎనామిలు అదే. అయినను ఆ రెండింటిని తక్కిన 38 లక్షలలో కలిపి లెక్కించుటకు నాకు మనసొప్పదు. ఇక 1984లో సోవియట్ వీరుడను బిరుదును, దానితో బంగారు నక్షత్రమును, ఆర్డర్ ఆఫ్ లెనిన్‌ను పొందిన రాకేశ్ శర్మ మన హైదరాబాదు సెయింట్ జార్జి గ్రామర్ స్కూలులో చదువుకొన్నవాడే. ఆ బిరుదు పొందినవారు 12,700 మందికి పైగా ఉన్నను, భారతీయుడు ఆయన యొక్కడే. నక్షత్రములోని బంగారము తూచిన ఇరువది గ్రాములకు కొంచెము మించును. ఆ తూకము చెప్పి దాని వెల తేల్చగల కంసాలి ఎవడు?

1991లో సోవియట్ రాజ్యము కూలిన పిదప, పింఛను చాలక, వృద్ధసైనికులు తమ పతకములను వీధులలో విదేశీయులకు అమ్ముకొనిరి. వారిని తప్పుపట్టుట కడుపు నిండినవారి పని. రష్యాలో వీని క్రయవిక్రయములు నేడు శిక్షాస్మృతి 324వ విభాగము క్రింద నేరము. ఇతర దేశములలో వేలములు సాగుచునే యున్నవి. కొనువానిపై నాకు కోపము లేదు. పుస్తకము నొకనికి, నక్షత్రము నొకనికి విడదీసి అమ్మువానిపై కలదు. పసిపిల్లల గుర్తును ఆర్డరని వ్రాసి మన బీదపిల్లలకు ఆశ పెట్టువానిపై అంతకంటె ఎక్కువగా కలదు. ఉపాధ్యాయమిత్రులు తమ విద్యార్థులకు ఇంతమాత్రము నేర్పవలెను: పాత పెట్టెలో దొరకినదానిని తోమి మెరుగు పెట్టరాదు, దానితోనున్న చీటీని, కవరును, ఫొటోను పారవేయరాదు.

ఫీజు సంగతి వేరుగా ఆలోచింతమని పిల్లవానితో అంటిని. వాడు నక్షత్రమును జేబులో వేసికొనుచు, "ఇది తాతయ్యకు ఎవరిచ్చి ఉంటారు సార్?" అనెను. పల్లెలో నాయనమ్మ ఇంకను ఉన్నదట. వచ్చే ఆదివారము పోయి అడిగి, ఆమె చెప్పినది కాగితముపై వ్రాసి తెచ్చెదనన్నాడు.