గోడ మీద చోటు

2020లో లండన్‌లోని స్త్రీ చిత్రకారుల సంఘం, సొసైటీ ఆఫ్ విమెన్ ఆర్టిస్ట్స్, కోవిడ్ మూలంగా తన వార్షిక ప్రదర్శనని ఆన్‌లైన్‌లో జరిపింది. మా వరండాలో కూర్చుని ఫోన్లో చూశాను. వీసా లేదు, విమానం లేదు, లండన్ చలి లేదు. ఎంత మేలు జరిగిందీ అనుకున్నాను. తర్వాత ఆ సంఘం పూర్వకథ చదివాక ఆ సంతోషం సగమైంది. ఎందుకో చెబుతాను.

ఇంగ్లండులో రాయల్ అకాడమీ 1768లో ఏర్పడినప్పుడు స్థాపక సభ్యుల్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు: ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. కొన్నాళ్ళకి జోఫనీ అనే చిత్రకారుడు (తర్వాత మన దేశం వచ్చి లక్నో నవాబుగారి కోడిపందెం బొమ్మ వేసింది ఈయనే) అకాడమీ సభ్యుల్ని ఒక గదిలో చేర్చి పెద్ద చిత్రం వేశాడు. గదిలో నగ్నంగా మోడళ్ళు, చుట్టూ మగ సభ్యులు. అలాంటి చోట ఆడవాళ్ళు ఉండకూడదు కదా! అంచేత ఆ ఇద్దర్నీ గోడకి తగిలించిన పటాల్లో ముఖాలుగా చూపించి ఊరుకున్నాడు. సభ్యత్వం ఉంది, గదిలో చోటు లేదు. వాళ్ళ తర్వాత మరో స్త్రీకి పూర్తి సభ్యత్వం దొరికింది 1936లో, లారా నైట్‌కి. 168 ఏళ్ళు!

ఈ మధ్యకాలంలోనే, 1855 ప్రాంతాల, ఆడవాళ్ళు సొంత సంఘం పెట్టుకున్నారు. 1857లో మొదటి ప్రదర్శన చేశారు. అకాడమీ బడిలో ఆడపిల్లల్ని చేర్చుకోని రోజులవి. 1860లో లారా హెర్‌ఫర్డ్ అనే ఆవిడ పేరు పూర్తిగా రాయకుండా పొడి అక్షరాలతో బొమ్మ పంపిస్తే, మగవాడనుకుని సీటిచ్చారు. పైగా ఆ కాలపు ప్రదర్శనల్లో పటాల్ని నేల నుంచి కప్పు దాకా వేలాడదీసేవారు. కంటి ఎదురుగా పడితే అదృష్టం, కప్పు కింద పడితే మెడ నొప్పి. అంటే వాళ్ళ పోరాటమంతా దేనికోసం? గోడ మీద నాలుగడుగుల చోటు కోసం.

ఆ గోడే ఫోన్లో లేదు. అరచేతిలో పట్టే బొమ్మా, ఆరడుగుల బొమ్మా రెండూ నా బొటనవేలంతే కనిపించాయి. నూనెరంగు దళసరి తెలియదు, వెనక్కి నాలుగడుగులు వేసి చూసే వీలు లేదు. పాల ప్యాకెట్టు వాడు బెల్లు కొడితే ప్రదర్శన అక్కడితో సరి. ఆన్‌లైన్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. చంటిపిల్లని వదిలి గడప దాటలేని వాళ్ళకి అది కిటికీయే. కిటికీ ఉంది కదా అని గుమ్మం మూసెయ్యమంటేనే నాకు పేచీ. లండన్ వాళ్ళు మూసెయ్యలేదు. గండం గడిచాక మళ్ళీ మాల్ గ్యాలరీస్ గోడలకి తిరిగి వెళ్ళారు.

మరి మనం? కోవిడ్ ఏడాది మన ఆడపిల్లల బొమ్మల ప్రదర్శన వాట్సాప్ గ్రూపులో జరిగింది. అప్పుడు గత్యంతరం లేదు, సరే. హాలు తెరిచి ఏళ్ళయింది. ఫేర్‌వెల్ హాల్లోనే, క్విజ్ హాల్లోనే, ఆఖరికి అంత్యాక్షరి కూడా హాల్లోనే. బొమ్మలు మాత్రం ఇంకా గ్రూపులోనే! "ఫోటో పెడితే అందరూ చూస్తారు కద మేడమ్" అన్నాడు యూనియన్ అబ్బాయి ఒకడు. మంచివాడే, చెడ్డ ఉద్దేశంతో అనలేదు. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె నాతో అన్నమాట వేరు: "మా నాన్న హాల్లో నిలబడి చూస్తే రంగుల ఖర్చు దండగ అనడు మేడమ్. ఫోన్లో చూపిస్తే ఊఁ అని పక్కన పెడతాడు."

యూనియన్ వారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవానికి హాల్లో స్టేజీకి ఎదురుగోడ, మూడు రోజులు. మేకులూ సుత్తీ నేను తెస్తాను. ఆ అమ్మాయి బొమ్మ మాత్రం కంటి ఎత్తులో కొట్టాలి.