అత్తమ్మకు వేరే లడ్డూ

పండగ పూట అందరికీ ఒకే వంట, ఇంట్లో ఒకరికి మాత్రం వేరే గిన్నె. ఇంతకంటే మర్యాదగా చేసే అవమానం ఇంకొకటి ఉందంటే నేను నమ్మను. ఆ గిన్నెలో ఉండేది 'షుగర్ ఫ్రీ' లడ్డూ. "అత్తమ్మా, ఇది మీకోసమే తెచ్చినం" అంటుంది కోడలు, ప్రేమగానే. "నాకెందుకు బిడ్డా, మీరు తినుండ్రి" అంటుంది ఆవిడ. ఇద్దరిదీ మంచి మనసే. మధ్యన బాగుపడేది మాత్రం మిఠాయి దుకాణం.

వరంగల్లు, హనుమకొండ ఇళ్ళలో ఈ మాట మరీ గట్టిగా చెప్పుకోవాలి. ఎందుకంటే బతుకమ్మ ఒక్కనాటి పండగ కాదు, తొమ్మిది రోజులు. అటుకులూ బెల్లం ఒకనాడు, నానబియ్యం పాలూ బెల్లం ఒకనాడు, అట్లు ఇంకోనాడు. చివర సద్దులనాడు రకరకాల అన్నాలూ, మలీదా. ఆ వెనకే దసరా. దసరా పోయిన ఇరవై రోజులకు దీపావళి. "ఏడాదికొక్కరోజు తింటే ఏమౌతుందండీ?" అని అడిగేవాళ్ళు ముందు ఆ ఒక్కరోజూ ఏదో చూపించాలి. ఐ.సి.ఎం.ఆర్. వారి సర్వే 2023లో వెలువడింది. దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని దాని లెక్క. అంటే వీధికొక అత్తమ్మయినా ఉంటుంది. మామలూ ఉన్నారనుకోండి, కానీ వాళ్ళు ఎవర్నీ అడక్కుండానే తినేస్తారు.

ఇహ ఆ దుకాణపు లడ్డూ సంగతి. డబ్బా మీద 'చక్కెర వెయ్యలేదు' అని ఉంటుంది. వెయ్యలేదు, ఒప్పుకున్నాం. మరి లోపలున్న మైదా సంగతేమిటి? కోవాలోని పాలచక్కెర సంగతేమిటి? కొందరు ఖర్జూరంతో చేశామని గొప్పగా చెబుతారు. ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతుల దాకా చక్కెరేనని మాత్రం చెప్పరు. పిండిపదార్థం కడుపులో పడ్డాక గ్లూకోజు అవుతుంది గానీ, డబ్బా మీది అక్షరాలు చదివి ఊరుకుంటుందా?

బెల్లం భక్తులది మరో వరస. "మేం పంచదార ముట్టమండీ, అంతా బెల్లమే" అంటారు, అదేదో వ్రతం పట్టినట్టు. బెల్లంలో నూటికి 80 పాళ్ళకు పైగా చక్కెరే. ఇనుము ఉందట! ఇనుము కోసం బెల్లం తినడమంటే మేకు కోసం తలుపు కొన్నట్టే.

బాదంపిండి కేకులూ, పొట్లాల్లో దొరికే తీపి ఆకుపొడులూ వెతుక్కోవాలా? అక్కర్లేదు. మన సత్తుల్లోనే ఉంది మందు. నువ్వుల్లో సగం నూనె, ఆరో వంతుకు పైగా మాంసకృత్తులు. పిండిపదార్థం పావుకు లోపు, అందులోనూ సగం పీచే. అదే బియ్యంలోనైతే నూటికి 75కు పైన పిండిపదార్థమే. పల్లీలు నువ్వుల కంటే కూడా నయం.

100 గ్రాముల నువ్వులూ, 100 గ్రాముల పల్లీలూ విడివిడిగా దోరగా వేయించండి. పల్లీల పొట్టు చెరిగెయ్యండి. 50 గ్రాముల ఎండుకొబ్బరి తురుము, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. బెల్లం 50 గ్రాములే. తూచి మరీ వెయ్యండి, పండగ పూట చెయ్యి మహా ధారాళంగా ఉంటుంది. అన్నీ కలిపి రోట్లో దంచితే నూనె ఊరి ముద్దకొస్తుంది. పాకం బాధ లేదు. చిన్నవి 20 ముద్దలౌతాయి. ముద్దకు బెల్లం రెండున్నర గ్రాములు. మొత్తం పిండిపదార్థం, పీచుతో కలిపి, సుమారు 5 గ్రాములు.

పిండి తక్కువని పది లాగించమని కాదు సుమండీ. నూనెగింజలు, ఒంటికి పట్టి ఊరుకుంటాయి. రెండు చాలు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఇదే భోజనమనుకుని అన్నం మానెయ్యడమూ ప్రమాదమే.

"అమ్మవారి నైవేద్యంలో వేలు పెడతారా?" అని కొందరు కళ్ళెర్రజేస్తారు. నైవేద్యం జోలికి నేను పోలేదు. నువ్వుల సత్తు, పల్లీల సత్తు అమ్మవారికి కొత్తా ఏమిటి? అమ్మవారికి పెట్టేది ఒక ముద్ద. తక్కిన డబ్బాడు మనం ఆవిడ పేరు చెప్పి తింటున్నవే.

అసలు బాధ తినడం దగ్గరా కాదు. పద్మాక్షి గుండం దగ్గర బతుకమ్మను నీళ్ళలో వదిలాక ఆడవాళ్ళు ఒకరి సత్తు ఒకరికి పంచుకుంటారు. ఆ గుంపులో మన అత్తమ్మ ఏం పంచాలి? తన గిన్నెలోది ఇస్తే తీసుకున్నావిడ "అయ్యో, మీకు షుగరా!" అంటుంది. ఇంట్లో అందరిదీ ఇస్తే, బదులుగా వచ్చింది చేతిలో పట్టుకుని దిక్కులు చూడాలి. ఇంటిల్లిపాదికీ ఒకటే ముద్ద అయితే కనీసం ఇచ్చేటప్పుడైనా ఆవిడ చెయ్యి వెనక్కి పోదు.

పిల్లలు తీపి చాల్లేదంటారు. అననివ్వండి, రెండో నాటికి అలవాటౌతుంది. దంచే పని అత్తమ్మకే అప్పగించండి, ఆవిడ చేతి వాటం మీకు రాదు. బెల్లం తూచే పని మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.