ల్యాప్‌టాప్ కొనడం ఒక ఎత్తు, కాపాడుకోవడం మరో ఎత్తు

(గ్రామీణ విలేఖరి)

పాలకీడు : సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు పండించే ఈ ప్రాంతంలో ఇంటర్ దాటిన పిల్లలున్న ఇళ్ళలో ఇప్పుడు ల్యాప్‌టాప్ మాట తరచు వినవస్తున్నది. ఇంజనీరింగ్‌లో చేరిన కొడుకో, డిగ్రీ చదివే బిడ్డో అడిగితే తల్లిదండ్రులు కాదనలేకపోతున్నారు. 2025-26 వానాకాలానికి కేంద్రం సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఆ లెక్కన 40 వేల రూపాయల ల్యాప్‌టాప్ కొనాలంటే దాదాపు 17 క్వింటాళ్ళ వడ్లు అమ్మాలి. ఇంత పెట్టి కొన్న యంత్రం రెండేళ్ళు తిరగకుండానే మూలబడితే ఆ నష్టాన్ని ఎవరు పూడ్చాలి?

ఎద్దుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరు వున్నాడు. మోటారు కాలితే వైండింగ్ చేసేవాడు వున్నాడు. ల్యాప్‌టాప్ చెడిపోతే మాత్రం మిర్యాలగూడకో, కోదాడకో పరుగెత్తవలసి వస్తున్నది. పెద్ద రిపేరయితే హైదరాబాదే గతి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా వాడే పద్ధతి ముందే తెలుసుకోవడం మేలు.

దుమ్ము, వేడి శత్రువులు

1981లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఆస్బోర్న్-1 అనే మోసుకుపోయే కంప్యూటరు దాదాపు 11 కిలోల బరువు వుండేది. నేటి ల్యాప్‌టాప్ చాలావరకు రెండు కిలోలు దాటదు. అంత పలుచని పెట్టెలో పుట్టే వేడి అడుగునా, పక్కలా వుండే సన్నని రంధ్రాల గుండానే బయటికి పోవాలి. పరుపు మీద, బొంత మీద పెట్టి వాడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. కనుక చెక్క పీట మీదనో, బల్ల మీదనో పెట్టాలి.

మన దగ్గర కోత మిషన్లు తిరిగే రోజుల్లో వడ్ల దుమ్ము, సిమెంటు లారీల దారిలో బూడిద దుమ్ము ఇల్లంతా పరుచుకుంటాయి. పని కాగానే ల్యాప్‌టాప్ ఆపి సంచిలో పెట్టాలి. దుమ్ము పోవడానికి కొందరు పంక్చరు షాపుకు తీసుకుపోయి గాలి కొట్టిస్తున్నారు. ఇది ప్రమాదం. ఆ వొత్తిడికి లోపలి ఫ్యాను దెబ్బతింటుంది, గాలిలోని తేమ కూడా లోపలికి పోతుంది. ఏడాదికి ఒకసారి తెలిసినవాడితో విప్పించి శుభ్రం చేయించడం మంచిది. టీ, నీళ్ళు వొలికితే వెంటనే కరెంటు తీసి, ఆపి, బోర్లించాలి. బియ్యంలో పాతిపెడితే బియ్యపు పిండి లోపలికి పోయి మరింత చెడిపోతుంది.

కరెంటు సంగతి

లో-వోల్టేజికి భయపడి కొందరు ల్యాప్‌టాప్‌కు స్టెబిలైజరు కొంటున్నారు. ఆ ఖర్చు సాధారణంగా అనవసరం. ఛార్జరు మీద చూస్తే 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటుందని రాసి వుంటుంది. అసలు ప్రమాదం ఉరుములు, మెరుపులప్పుడు ఒక్కసారిగా వచ్చే పోటు. మబ్బు పట్టగానే ఛార్జరు పీకివేయాలి. ఇకపోతే కొందరు ఛార్జరు మూడో పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్టులో దూర్చుతున్నారు. ఇనుప వొళ్ళున్న యంత్రం తాకితే చేతికి జిమ్మని తగలడానికి చాలాసార్లు ఎర్తింగ్ లేకపోవడమే కారణం.

బ్యాటరీని పూర్తిగా ఎండగట్టకూడదు, రాత్రింబవళ్ళు నూటికి నూరు శాతం నింపి వుంచనూ కూడదు. 20 నుంచి 80 శాతం మధ్య వుంచితే ఎక్కువ కాలం మన్నుతుంది. చాలా యంత్రాలలో 80 దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటు వున్నది. ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు కాసే మన జిల్లాలో కారులోనో, రేకుల కిందనో వదిలిపెడితే బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని వాడరాదు, గుచ్చరాదు, కాల్చరాదు.

బొమ్మ, మాట, పాట

2020 సెప్టెంబరు 1న కరోనా కాలంలో ప్రభుత్వం టి-శాట్, దూరదర్శన్ ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. బొమ్మ చూసి, మాట విని చదువుకోవడం అప్పటినుంచే మన పిల్లలకు బాగా అలవాటయింది. ఇప్పుడు ఉద్యోగాల ఇంటర్వ్యూలు కూడా ల్యాప్‌టాప్ కెమెరా ముందే జరుగుతున్నాయి. కిటికీ వెనుక పడేట్టు కూర్చుంటే మొహం నల్లగా కనబడుతుంది, కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. కెమెరా అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవాలి. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఇంట్లో మిక్సీ మోత, వీధిలో ట్రాక్టరు మోత అవతలివారికి తక్కువగా వినబడతాయి. పాటల శబ్దాన్ని నూరు శాతం దాటించి పెడితే చిన్న స్పీకర్లు చిరిగిపోతాయి.

పాత పెళ్ళి సీడీలున్నవారు ఆలస్యం చేయరాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే అర దాదాపు మాయమయింది. సీడీలు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతాయి. ఆ అర వున్న యంత్రం దొరికినప్పుడే వాటిని ఎక్కించుకోవాలి.

యంత్రం పోయినా సరే గాని...

ఈ విలేఖరికే ఎదురైన అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మా అమ్మ పాడిన నాట్ల పాటలను కొన్నేళ్ళ కింద ల్యాప్‌టాప్‌లోనే రికార్డు చేశాను. యంత్రం మొరాయించగా పట్టణంలో ఒక దుకాణంలో ఇచ్చాను. వారు అడగకుండానే అంతా చెరిపి కొత్తగా చేసి ఇచ్చారు. వేరే చోట నకలు పెట్టుకోని తప్పు నాది. యంత్రం బాగయింది. అమ్మ ఇప్పుడు లేదు, ఆ పాటలూ లేవు.

అందువల్ల ముఖ్యమైనవి రెండు చోట్ల వుండాలి. ఫోటోలు, పాటలు బయటి హార్డ్ డిస్కులో ఒక నకలు, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్థలంలో మరొకటి దాచుకోవచ్చు. సర్టిఫికెట్లకు 2015 నుంచి డిజిలాకర్ వున్నది. రిపేరుకు ఇచ్చేముందు లోపలివి చెరపవద్దని చీటీ రాయించుకోవాలి.

పాతది కొనేవారు జాగ్రత్త

సంతలో ఎద్దును పళ్ళు చూడకుండా కొనము. పాత ల్యాప్‌టాప్‌కూ అదే నీతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు నిలిపివేసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్ చిప్పు సాధారణంగా 8వ తరంది గాని, ఆ తర్వాతది గాని అయి వుండాలి. ఈ సంగతి చెప్పకుండా పాత యంత్రాలు అంటగట్టే ప్రమాదం వున్నది. అటువంటిది ఇంట్లో ఇప్పటికే వుంటే పారవేయనక్కరలేదు. సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉచితం, తెలుగులోనూ పనిచేస్తుంది. రాత పనికి, పాఠాలు చూడడానికి అది చాలు.

2016 అక్టోబరులో పాలకీడు మండలమయింది. 2025 డిసెంబరులో గ్రామాలకు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. సర్పంచులు, ఉపాధ్యాయులు చొరవ తీసుకుని పాఠశాలల్లో నెలకు ఒక పూట ఈ సంగతులు నేర్పిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. పది పన్నెండు మంది పిల్లలకు వస్తే వాళ్ళే వూరికి నేర్పుతారు. పదిహేడు క్వింటాళ్ళ వడ్లు మూలన పడకుండా చూసే బాధ్యత ఇంటివారితో పాటు వూరిది కూడా. సంబంధిత అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి వున్నది.